కాటా చీటీ

గుజ్జు ఫ్యాక్టరీ గేటు పక్కన రేకుల గదిలో
నా కుర్చీ ఉండాది.
ముందర ఇనప పలక.
దాని మీదికి ట్రాక్టరెక్కితే
నా గది కూడా రవంత వొణుకుతుంది.
పదకొండు సీజన్లుగా ఇదే వొణుకు.

జూన్ వొస్తే మా చిత్తూరు వాసన మారిపోతుంది.
మురకంబట్టు కాడ బస్సు దిగేసరికే
పులిసిన తీపి
బట్టల్లో, తలలో, మద్దేనం పెరుగన్నంలో.
బస్సులో పక్కనామె ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటుంది.
నాకూ అసహ్యమే.
అయితే ఆగస్టులో మిషన్లు ఆపేసిన రోజు
ఇంట్లో ఎవురో లేనట్టుంటుంది.

ఏ ఊరని అడిగితే
చిత్తూరని చెప్పి గమ్మునుండలేము మేము.
"తిరపతి పక్కన" అంటాము.
పక్కనంటే డెబ్బై కిలోమీటర్లు.
మద్రాసులో చిన్నాయన కూతురి పెండ్లిలో
మమ్మల్ని తెలుగోళ్ళని వేరే పంక్తిలో కూర్చోబెట్టినారు.
విజయవాడకి కాటా మిషన్ ట్రైనింగుకి పోతే
"మీది అరవమా?" అన్నారు,
ఉర్లగడ్డ అని నేనన్న ఒక్క మాటకి.
ఆ పూట భోజనంలో ఉర్లగడ్డ వేపుడే పెట్టినారు.
రెండోసారి అడిగి వేయించుకున్నాను.

మాకొక ఏరుండాది, నీవా.
పేరే ఒక ప్రశ్న.
నీవా?
వంతెన మీద కంపుకి కిటికీలు మూసేస్తాము గదా,
ఎవురమూ జవాబు చెప్పింది లేదు.

ఒకసారి హైదరాబాదు మెట్రోలో
ఎవురో ఒకామె ఏడ్చే బిడ్డని
"గమ్మునుండు మే" అనింది.
నేను దిగాల్సిన స్టేషను దాటిపోయింది.
ఇంగో స్టేషను కూడా.
ఆమెని పలకరించలేదు, మొహం కూడా సరిగ్గా చూడలేదు.
ఇంకొక మాటంటుందేమో అని నిలబడినాను.

ఈ ఏడు ధర పడిపోయింది.
ట్రాక్టర్లు బైపాసు దాకా.
మూడు రాత్రుళ్ళు ట్రైలరు కింద పడుకోని
నాలుగో పొద్దు నా కాటా ఎక్కినాడు
ఐరాల పక్కనుండే చెంగల్రాయులు.
పైన కాయలు పగిలి ఈగలు ముసిరినాయి.
"ఈ ఊరికి మన్ను పొయ్య,
నీళ్ళడిగితే కూడా గేటు మూస్తారు" అని తిట్టినాడు.
నా సీసా కిటికీలోనించి ఇచ్చినాను.
మూతి తగలకుండా ఎత్తి తాగినాడు.

లోడు ఏడువేల నాలుగొందల పది.
కాయలు దించి మళ్ళీ ఎక్కినాడు.
ఖాళీ మూడువేల రెండొందలు.
మేనేజరు ఫోనులో
"తరుగు రెండొందలు కొట్టమ్మా" అన్నాడు.
కొట్టినాను.
చీటీ చించే శబ్దం
అంత గట్టిగా ఉంటుందని ఎప్పుడూ అనిపించలేదు.

చెంగల్రాయులు చీటీని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చదివినాడు.
ఏమనలేదు.
తిట్టింటే బాగుండు.
ట్రైలరు మూలలో ఇరుక్కున్న రెండు తోతాపురి కాయలు తీసి
కిటికీ అంచున పెట్టినాడు.
"బిడ్డకి తీసకపోమ్మా, గట్టి కాయలు."

పొద్దు గూకినాక, లైను కొంచెం పలచబడినాక
అప్పుడప్పుడు ఒక పిచ్చి లెక్కేస్తాను.
ఊరినే కాటా ఎక్కిస్తే ఎంత తూగుతుందని.
సంతపేట బండి కాడ దోసె మీద ఊరిబిండి,
జనవరి మంచులో అనపకాయలొలిచే వేళ్ళ వాసన,
మూసిన కిటికీలు, మూసిన గేట్లు,
రెండొందల కేజీల తరుగు కొట్టిన నా చెయ్యి,
అంతా లోడు బరువే.
దించి, ఖాళీ చేసి, మళ్ళీ తూస్తే గదా
నికరం తేలేది.
ఇది ఖాళీగా తిరిగొచ్చింది ఒక్కనాడూ లేదు.

ఇంటికాడ పాప
ఉప్పూ కారం అద్దుకోని
కళ్ళు చిట్లిస్తా తినింది.
"ఎవురిచ్చినారు మా?" అని అడిగింది.
నేను కత్తి కడగతా ఉన్నాను.
కొళాయి ఇంగొంచెం తిప్పినాను,
వినపడనట్టు.